వీపున కాజాలున్న గౌను

మనుషుల పీడ వదిలించుకోవాలని ఉందా? అయితే ఇంట్లో ఉన్న కుట్టుమిషను అమ్మేసి ఒక సూది కొనుక్కోండి. ఐదొందల ఏళ్ల కిందటి గౌను ఒకటి చేత్తో కుట్టడం మొదలుపెట్టండి. ఏడాది తిరిగేసరికి మీ గుమ్మం తొక్కేవాళ్లు ఉండరు. నాది గ్యారంటీ!

ఊరికే చెప్పడం లేదు. ఈ వైద్యం ముందు నా మీదే ప్రయోగించుకుని, గుణం కనిపించాకే చెబుతున్నాను. ప్రశాంతత కోసం కొందరు యోగా క్లాసులకు వెళ్తారు. కొందరు మఠంలో వారం రోజులు నోరు మూసుకుని కూర్చుని, బయటికొచ్చాక నెల్లాళ్లపాటు ఆ మౌనం గురించే మాట్లాడతారు. వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పట్టు దారం, దానికి రాసే తేనెమైనం చేసే మేలు పాపం వాళ్లకు తెలియదు.

ఇటలీలోని మా కాస్తెల్‌బ్రూనోలో ఆగస్టు వచ్చిందంటే ఎవరూ ఈ కాలంలో ఉండరు. ఎప్పుడో పదహారో శతాబ్దంలో ఒక డచెస్ గారు కొత్త కాపురానికి వెళ్తూ దారిలో మా ఊళ్లో బస చేశారు. ఆవిడకు మా ఊరు నచ్చిందో లేదో ఎవరూ రాసిపెట్టలేదు గానీ, ఆవిడ వచ్చిన ఊరేగింపును మాత్రం మేం ఏటా మళ్లీ జరుపుకుంటాం. నాలుగు పేటల మధ్య పోటీ. డప్పులకు మార్కులు, జెండాలు ఎగరేసి పట్టుకున్నందుకు మార్కులు, బట్టలకు మార్కులు. మాది అద్దకం పేట. మాకు పోటీ కుమ్మరి పేట. కుమ్మరి పేట వాళ్ల గురించి పేపర్లో రాయవద్దని ఎడిటర్ గారు బతిమాలారు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

బట్టలకు మార్కులు వేసేది ఉబాల్దో గారు. మిగతా పదకొండు నెలలూ మందుల షాపు నడుపుతారు, ఆగస్టులో బట్టల కమిటీ నడుపుతారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: పైకి కనిపించేదైనా లోపల దాగేదైనా ప్రతి కుట్టూ చేత్తోనే వెయ్యాలి. ఊరేగింపు బయలుదేరే ముందు కోట గుమ్మంలో భూతద్దం పట్టుకుని నిలబడి, ఒక్కొక్కరి అంచులు తిరగేసి చూస్తారు. బిషప్ వేషం వేసిన పెద్దమనిషి అంగీ ఎత్తి చూసినాయన మనల్ని వదులుతారా? ఒక ఏడాది ఒక సైనికుడి లాగుకు జిప్పు దొరికింది. ఆ సైనికుడు ఆ తర్వాత వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకున్నాడు.

ఈ నియమం పెద్ద పీడ అని చాలామంది సణుగుతారు. అమాయకులు! అది వరం. ఎలాగో వినండి.

ముందు ఫోను సంగతి. మా అక్క మఫాల్దా రోజూ పొద్దున్నే ఫోన్ చేసి తన మోకాళ్ల గురించి, బావగారి చెవుల గురించి తాజా వార్తలు చెప్పేది. నేను గౌను మొదలుపెట్టాక, "చేతిలో సూది ఉందే, దారం చిక్కుపడుతోంది" అనేదాన్ని. పాపం, వెంటనే పెట్టేసేది. స్పీకరు పెట్టుకుని మాట్లాడుకోవచ్చనే సంగతి ఆవిడకు తెలియదు. నేనూ చెప్పలేదు.

తర్వాత ఆదివారం భోజనం. మా అక్క ఇంట్లో అది మధ్యాహ్నం మొదలై దీపాలు పెట్టేదాకా సాగుతుంది. పొరలు పొరలుగా పాస్తా, ఆ తర్వాత కుందేలు, ఆ తర్వాత బావగారి పిత్తాశయం ఆపరేషన్ కథ. చేతులకు సాస్ అంటితే పట్టుకు మరకలవుతాయని నేను మానేశాను.

"నువ్వు రాకపోతే కుందేలు ఎవరికి వండనే?" అంది అక్క.

"బావగారున్నారుగా."

"ఆయనకు రమ్మని పిలిచినా వినపడదు."

"తినడానికి చెవులెందుకే అక్కా?"

ఆ తర్వాత రెండు ఆదివారాలు పిలిచింది. మూడో ఆదివారం నాకు బోలెడంత తీరిక దొరికింది. చూశారా, చేతికుట్టు ఎంత గొప్పదో!

అతిథుల సంగతి చెప్పనే అక్కర్లేదు. మా ఇంట్లో కుర్చీలన్నిటి మీదా ముక్కలు, ముక్కలన్నిటికీ గుండుసూదులు. ఈస్టరు ముందు ఇళ్లు దీవించడానికి ఫాదర్ గారు వచ్చారు. మా మెట్లెక్కి ఆయాసపడి, నేను వద్దు వద్దంటున్నా వినకుండా కూర్చున్నారు. కూర్చున్నంత వేగంగానూ లేచారు. మా ఊరి చరిత్రలో అంత క్లుప్తంగా దీవెన అందుకున్న ఇల్లు మాదే. అపార్ట్‌మెంటు మీటింగులకు కూడా నన్ను పిలవడం మానేశారు. లిఫ్టు పెట్టించాలా వద్దా అని మా వాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకుంటుంటే, నేను మాత్రం హాయిగా అంచు మడుచుకుంటూ కూర్చున్నాను.

అన్నిటికన్నా పెద్ద విజయం ఎదురు గుమ్మం నీవెస్. నీవెస్‌కు నా వయసే. ఊరేగింపు రోజుల్లో మా పేట వంటశాల ఆవిడ చేతిమీదే నడుస్తుంది. మిగతా రోజుల్లో మధ్యాహ్నం కాగానే పొయ్యి మీంచి దించిన కాఫీ కెటిల్‌తో సహా వచ్చి మా తలుపు కొట్టేది. ఊళ్లో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో, ఎందుకు మాట్లాడడం లేదో ఆ కాఫీతో పాటు పోసేది. అలాంటి మనిషిని వదిలించుకోవడం మాటలా? నేను వదిలించుకున్నాను.

"ఏమే, తలుపు తియ్యవా? కాఫీ చల్లారిపోతోంది."

"కాజాలు కుడుతున్నానే. మధ్యలో ఆపకూడదు."

"ఆపితే పారిపోతాయా?"

"లెక్క తప్పుతుంది."

"ఎన్నయ్యాయి?"

"అదిగో, మాట్లాడించావు. తప్పింది."

తలుపు అవతల నవ్వింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు వారానికోసారి వచ్చింది. ఆ తర్వాత మా మెట్ల మీద కాఫీ వాసనే లేదు.

ఇంతకీ గౌను ఎలా కుట్టావంటారా? నా పనితనం గురించి నేనే చెప్పుకుంటే బాగుండదు కాబట్టి కొంచెమే చెబుతాను. మొదటి వారంలోనే పావడా ముక్కను నేను కట్టుకున్న స్కర్టుకు కలిపి కుట్టేశాను. పోస్టు తీసుకుందామని లేస్తే గౌను కూడా నాతో గుమ్మం దాకా వచ్చింది. నడుం కొలత మొదట్లోనే తీసుకున్నాను. ఆఖరి అంచు మడిచే సమయానికి ఆ నడుం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. వేళ్ల చివర్లు మొద్దుబారాయి. ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో ఇప్పుడు మోచేత్తో చూసుకుంటున్నాను. లోపలి అతుకుల్లో, ఏ మనిషీ చూడని చోట, ఎంత సన్నటి కుట్లు వేశానంటే వాటిని చూడాలంటే ఉబాల్దో గారి భూతద్దం కూడా కళ్లజోడు పెట్టుకోవాలి.

ఆ కాలపు గౌన్లకు చేతులు విడిగా ఉంటాయి. భుజం దగ్గర నాడాలతో ముడేసుకోవాలి. కుడి చెయ్యి బుద్ధిమంతురాలు, చెప్పిన మాట వింటుంది. ఎడమదానికి మాత్రం మా అక్క పోలిక. ఎంత సర్ది చెప్పినా దాని దారి దానిదే. సాయంత్రం భోజనానికి కూర్చున్నప్పుడు గౌనును ఎదురు కుర్చీకి తొడిగి, రెండు చేతులూ బల్ల మీద పెట్టి, ఆనాటి పని గురించి మాట్లాడుకునేవాళ్లం. అంటే నేను మాట్లాడేదాన్ని. మధ్యలో అడ్డు తగలని మనిషి దొరకడం ఎంత అదృష్టం! ఆపరేషన్ కథలు లేవు, లిఫ్టు గొడవ లేదు. ఇంకేం కావాలి చెప్పండి?

అలా ఆగస్టు వచ్చింది.

ఈ ఏడు డచెస్ గారి చెలికత్తెల వరసలో మా పేట తరఫున ముందు నడవాల్సింది నేను. ఒక్క మనిషి తగ్గినా పేటకు మార్కులు పోతాయని ఉబాల్దో గారు ముందే హెచ్చరించారు. మార్కులు సరే, అసలు సంగతి ఇంకోటుంది. ఇన్నాళ్లు కుట్టిన ఆ గౌను వేసుకుని మా ఊరి వీధిలో ఒక్కసారి నడవాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, చిన్నపిల్లలా ఎదురుచూశాను.

పొద్దున్నే లోపలి చొక్కా వేసుకున్నాను. పావడాలు కట్టుకున్నాను. గౌను ఎక్కించుకుని అద్దం ముందు నిలబడ్డాను. ముడత లేదు, వంక లేదు. చర్చిలో పటం మీద ఉన్న రాణిగారు దిగి వచ్చి మా పడకగదిలో నిలబడ్డట్టు ఉంది. తర్వాత వీపున తాడు బిగిద్దామని రెండు చేతులూ వెనక్కి పెట్టాను.

పెద్దింటి ఆడవాళ్ల గౌన్లకు తాడు దూర్చే కాజాలు వీపున ఉంటాయి. ముందువైపు ఉండేవి రొట్టెలమ్మేవాళ్లకు, బట్టలుతికేవాళ్లకు. ఈ సంగతి నాకు తెలియక కాదు. రొట్టెలమ్మి వేషం ఇస్తామంటే అలిగి, ఉబాల్దో గారితో తగవు పెట్టుకుని మరీ పెద్దింటి గౌను సంపాదించాను. మెడ నుంచి నడుం కింది దాకా కాజాలన్నీ నేనే కుట్టాను. మొనదేలిన ఆరతో పొడిచి, పట్టు దారంతో చుట్టి, ఒక్కోటి నోరారా మెచ్చుకుని మరీ కుట్టాను. వాటిలో తాడు లాగి కట్టేది ఎవరన్న ప్రశ్న ఒక్క కాజా దగ్గరైనా నాకు తట్టలేదు. ఆ కాలంలో ఆడవాళ్లకు దాసీలుండేవాళ్లు. దాసీని చేత్తో ఎలా కుట్టుకోవాలో ఏ పుస్తకంలోనూ లేదు.

మధ్యలో ఒక్కసారైనా వేసి చూసుకోలేదా అంటారా? చూసుకున్నాను. కుర్చీకి వేసి, వెనక నిలబడి, తాడు బిగించి చూసుకున్నాను. కుర్చీకి అద్భుతంగా సరిపోయింది.

తాడు కొసను తలుపు గడియకు తగిలించి ముందుకు నడిచాను. గడియ ఊడింది. పాస్తా తీసే పటకారుతో వెనక్కి అందుకోబోయాను. అందింది జుట్టు. చివరికి తాడు ముందే కట్టేసి, కింది నుంచి దూరదామని చూశాను. రెండు చేతులూ పైకెత్తి, ముఖం మీద బట్ట కప్పుకుని, లొంగిపోయిన సైనికుడిలా గది మధ్యలో కొంతసేపు ఇరుక్కుపోయాను. కింద వీధిలో డప్పులు మొదలయ్యాయి. ఎలాగో బయటపడి అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఒక్కసారి రావే. వీపున తాడు లాగాలి."

"ఎలా వచ్చేదే? సముద్రం దగ్గరున్నాం."

"ఊరేగింపు రోజున సముద్రమేమిటే?"

"నీకెలాగూ మాతో మాట్లాడే తీరిక ఉండదు కదా అని వచ్చేశాం. ఇదుగో, బావగారు నీళ్లలో ఉన్నారు. లోతుకు పోతున్నారు, పిలిస్తే వినపడదు. ఉంటానే."

మా అపార్ట్‌మెంటులో తలుపులన్నీ కొట్టాను. అందరూ వీధిలోనే ఉన్నారు. ఇంట్లో ఉన్న పెద్ద టేబుల్ గుడ్డ భుజాల మీద కప్పుకుని, గౌను చేతులు పెట్టిన సంచీ పట్టుకుని, వీపు గోడకు ఆనించి పక్కకు పక్కకు నడుస్తూ సందులోకి దిగాను. ఒక జర్మన్ కుటుంబం ఆగి ఫోటోలు తీసుకుంది. పదహారో శతాబ్దంలో ఇటలీ ఆడవాళ్లు గోడలు పట్టుకుని అడ్డంగా నడిచేవాళ్లని వాళ్లిప్పుడు తమ ఊళ్లో చెప్పుకుంటూ ఉంటారు.

అలా గోడ వెంట పాకుతూ పోతే చివరికి వచ్చింది మా పేట వంటశాల. వడ్డించేవాళ్లంతా ఊరేగింపు చూడ్డానికి పోయారు. లోపల నీవెస్ ఒక్కతే పెద్ద మూకుడు ముందు నిలబడి, మాంసం కూరిన ఆలివ్‌లు వేయిస్తోంది.

"నీవెస్" అన్నాను.

"ఇంకా కాలేదు. బయట లైన్లో నిలబడండి" అంది తిరగకుండానే.

"నేనే, జెలిందాని."

తిరిగింది. పైనుంచి కింది దాకా చూసింది.

"ఆ టేబుల్ గుడ్డ కూడా ఆ కాలందేనా?"

నేను గుడ్డ తీసేసి వెనక్కి తిరిగాను. నీవెస్ మూకుడు కింద మంట ఆపేసింది. ఊరేగింపు రోజున మా పేట పొయ్యి ఆరడం నేనెప్పుడూ చూడలేదు.

"చేతులకు నూనె ఉంది. కడుక్కోనా?"

"టైము లేదే."

ఏప్రన్‌కు తుడుచుకుని తాడు అందుకుంది.

"ఊపిరి బిగబట్టు."

"బిగబట్టే ఉన్నాను."

"ఇదా బిగబట్టడం? ఇంత ఒళ్లెప్పుడు చేశావే?"

"కూర్చుని కుట్టడం వల్ల."

"ఎదురు గుమ్మం దాకా నడిచినా తగ్గేది."

ఆ మాటకు నాకూ రోషం వచ్చింది. "నువ్వే రావడం మానేశావు" అన్నాను.

"కుట్టుకుంటున్నానన్నావు. సరేలే అనుకున్నాను. అయినా చివరిసారి వచ్చాను. కెటిల్ పట్టుకుని నీ గుమ్మం ముందు నిలబడితే, లోపల ఎవరితోనో మాట్లాడుతున్నావు. నవ్వుతున్నావు కూడా. ఎవరో వచ్చారు, మధ్యలో నేనెందుకని వెళ్లిపోయాను."

"ఎవరూ రాలేదు."

"మరి ఎవరితో మాట్లాడావు?"

"ఎడమ చేతితో" అన్నాను. సంచీలోంచి తీసి చూపించాను.

తాడు ఆగిపోయింది. నీవెస్ దాన్ని ఓసారి చూసి, తర్వాత మళ్లీ లాగడం మొదలుపెట్టింది, ఈసారి నెమ్మదిగా.

ఆ కాలంలో తాడు ఒకటే కొసతో, మెలికలు తిరుగుతూ ఒకే వైపుగా పోవాలి. నీవెస్ బూటు లేసు కట్టినట్టు రెండు కొసలతో అటూ ఇటూ దాటిస్తూ కడుతోంది. నాకు వీపు మీద ప్రతి కాజా దగ్గరా తెలుస్తూనే ఉంది. మామూలుగా అయితే ఊరుకునే మనిషిని కాను. కానీ ఇంకో మనిషి చెయ్యి నా వీపు మీద పడి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు. మాట్లాడితే ఆ చేతులు ఆగిపోతాయేమోనని భయమేసింది. ఏడుపు కూడా వచ్చింది. పక్కనే తరిగిన ఉల్లిపాయల పళ్లెం ఉంది కాబట్టి పరువు దక్కింది.

భుజాల దగ్గర చేతులు ముడేస్తూ, "ఇది ఎడమదేనా?" అని అడిగింది నీవెస్.

"అదే."

"నీకు దీనికన్నా నేనే నయం" అంది.

కోట గుమ్మం చేరేసరికి వరస కదలబోతోంది. ఉబాల్దో గారు భూతద్దం తీశారు. ముందు చూశారు, అంచు తిరగేశారు, లోపలి అతుకు దగ్గర కళ్లజోడు కూడా సర్దుకున్నారు.

"సిన్యోరా జెలిందా, ఇన్నేళ్లలో ఇలాంటి కుట్టు చూడలేదు" అన్నారు. ఆ మాట కోసమే కదా నేను అన్నాళ్లు తలుపు వేసుకున్నది. తర్వాత వెనక్కి వెళ్లారు.

"ఇదేంటి, తాడు బూటు లేసులా పోయింది. పైగా నూనె వేలిముద్రలు."

"మా దాసీ కట్టింది."

"ఏ దాసీ?"

"ఉంది. ఆలివ్‌లు వేయిస్తోంది."

"మరకకు మార్కు తియ్యను, దాసీ చేతులకు నూనె ఉండేదే. తాడు మాత్రం తప్పు. మా కమిటీ అమ్మాయి విప్పి సరిగ్గా కడుతుంది. వరసను ఆపుతాను, ఒక్క నిమిషం."

"విప్పనండి" అన్నాను.

"అర మార్కు పోతుంది."

"పోనివ్వండి."

డప్పుల వెనక, మా ఊరి వీధిలో, తప్పుడు తాడు కట్టిన గౌను వేసుకుని తల ఎత్తుకుని నడిచాను. సాయంత్రం ఫలితాలు చెప్పారు. కుమ్మరి పేట గెలిచింది. ఎంత తేడాతో గెలిచిందో చెప్పక్కర్లేదు, మీరు ఊహించగలరు.

మర్నాడు పొద్దున్నే తలుపు దడదడలాడింది. మా పేట జెండా మోసే ఆయన. "ఒక్క నిమిషం నిలబడితే నీ సొమ్మేం పోయింది?" అని మొదలుపెట్టి, గొంతు ఎండిపోయేదాకా తిట్టారు. మంచినీళ్లిచ్చాను. ఆయన తాగుతుండగానే డప్పుల వాళ్లు ముగ్గురు వచ్చారు. తర్వాత అపార్ట్‌మెంటు సెక్రటరీ వచ్చి నన్ను తిట్టి, అక్కడున్న వాళ్లతో లిఫ్టు గొడవ మొదలుపెట్టారు. అక్క సముద్రం నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది, ఒళ్లంతా ఇసుకతో. బావగారికి నేను చేసిన పని గట్టిగా అరిచి చెబుతుంటే ఊరంతటికీ ఇంకోసారి తెలిసింది. కుర్చీలు చాలక గౌనును లేపి మంచం మీద పడేశాం. నీవెస్ కాఫీ కెటిల్‌తో వచ్చి, "తాడు కట్టింది నేను. తిడితే నన్ను కూడా తిట్టండి, కానీ ముందు కప్పులు అందుకోండి" అంది. సాయంత్రం దాకా ఎవరూ కదల్లేదు. నాకు అంత మంచి రోజు ఈ మధ్య గడవలేదు!

అందుకే చేతికుట్టు గురించి పైన రాసిందాంట్లో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. మనుషుల పీడ వదిలిస్తుందన్నాను, వదిలించింది. నా తగవంతా మీతోనే. ఒక ఆడది తలుపు వెనక నుంచి "తీరిక లేదు, రావద్దు" అంటే నమ్మేసి వెళ్లిపోతారా? ఇదేం మర్యాదండీ? గట్టిగా ఇంకోసారి కొట్టొద్దూ? ఏం కుడుతున్నావో చూపించు అని లోపలికి తోసుకుని రావొద్దూ?

మా పేటలో నన్ను ఇంకా తిట్టనివాళ్లు చాలామంది మిగిలి ఉన్నారు. బేకరీ వాళ్లు రానే లేదు. జెండాల వాళ్లలో సగం మంది వీధిలో ఎదురైనా తల తిప్పుకుని పోతున్నారు. ఫాదర్ గారు కూడా చాలా బాధపడ్డారని విన్నాను. కుర్చీలన్నీ ఖాళీ చేశాను, గుండుసూదులు ఏరేశాను. ఎవరూ మనసులో పెట్టుకోవద్దని నా మనవి. కోపం చల్లారకముందే ఒకసారి ఇంటికి రండి.